మొలతాడు కింది దురద

ఈ సంగతి రాయవద్దని మా అమ్మ అన్నది. మా అక్క మొగుడు రంగయ్య బావ అన్నాడు. బజారులో మా పక్క అంగడి ఆయనైతే, రాస్తే నీ దగ్గర గుడ్డ కొని కట్టుకునేవాడు ఉండడు అని భయపెట్టాడు. రాయమన్నది ఒక్కతే, నా భార్య నాగమ్మ. రాసేటట్టయితే దాచకుండా రాయండి, సగం రాసి సగం మింగితే రాయకపోవడమే మేలు అని కూడా అన్నది.

గుండెనొప్పి వచ్చినవాడు అరుగు మీద కూర్చుని దారినపోయేవాళ్లకు కూడా చెప్పుకుంటాడు. జ్వరం వచ్చినవాడికి ఇరుగుపొరుగు కషాయం కాచి తెస్తారు. పన్ను నొప్పికి కూడా ఓదార్పు ఉంది. తొడసందులో దురద వచ్చినవాడికి మాత్రం నవ్వు ఒక్కటే మందు, అది కూడా ఎదుటివాడి నవ్వు. ఆ నవ్వు నేను ఒక ఎండాకాలమూ ఒక వానాకాలమూ పడ్డాను. ఒళ్లు మానింది. కోపం మానలేదు. అది చల్లారకముందే రాయాలని కూర్చున్నాను.

మాది కర్నూలు. తుంగభద్ర ఒడ్డు నుంచి బజారులోకి వచ్చే దారిలో మా గుడ్డల అంగడి. అప్పుడు యుద్ధం రోజులు, గుడ్డకు కంట్రోలు. అంగట్లో తాను ఉంటే అమ్మడమే గానీ కట్టుకోవడం అనేది మా వంశంలో లేదు. అంచు చిరిగినది, ఎలుక కొట్టినది, రంగు దిగినది, ఇవే మా ఒంటి మీదికి వచ్చేవి. ఆ ఏడు గుడ్డ కరువులో అవి కూడా అమ్ముడుపోయాయి. నేను సంతోషంగా అమ్మాను. కాబట్టి ఊరికి గుడ్డ అమ్మే నాకు మార్చి కట్టుకోవడానికి సరైన గోచిగుడ్డ లేదు.

ఇక మా ఇంటి ఆచారం. తెల్లవారి నదికి పోయి మునగాలి. ఆ తడి గోచితోనే ఇంటికి వచ్చి దేవుడి ముందు కూర్చోవాలి. తడిబట్టే మడిబట్ట అని అమ్మ సిద్ధాంతం. పూజ అయ్యాక పొడిగుడ్డ కట్టుకోవద్దని ఎవరూ అనలేదు. అంగడి తెరిచే వేళ మించిపోతుందని నేనే ఆ తడి గోచి మీద పంచ చుట్టుకుని పరుగెత్తేవాణ్ని. పరుపు మీద కూర్చుంటే మళ్లీ లేచేది మధ్యాహ్నం అన్నానికే. కర్నూలు ఎండకు గోడలు పెచ్చులూడుతాయి, నదిలో ఇసుక పైకి తేలుతుంది. నా పంచ కింద మాత్రం ఏడాది పొడుగునా మాగాణి.

ఆ గోచిని దోపేది మొలతాడుకు. మొలతాడు సంగతి తెలియనివాళ్లు ఉంటారని కాదు గానీ, మా ఇంట్లో దానికున్న కట్టుబాటు చెప్పాలి. కట్టిన తాడు విప్పరు. పాతబడితే దాని పైన కొత్తది కట్టి, ఆ తర్వాతే పాతది తీస్తారు. మగవాడి మొల బోసిపోయేది పెళ్లాం చచ్చిన రోజే. ఆ రోజు పెద్దవాళ్లు తెంచుతారు. బతికి ఉండగా తెంచితే ఆమె చావు కోరినట్టు. అందుకని చెమట, సున్నిపిండి, నది ఒండ్రు అన్నీ పీల్చుకుని తాడు ఎంత బిరుసెక్కినా అది అక్కడే ఉంటుంది.

ఉగాది వెళ్లిన కొద్ది రోజులకు ఆ తాడు కింద ఒక ఎర్రటి బిళ్ల లేచింది. నడుమ తేటగా, అంచున పొక్కులు పొక్కులుగా. వేడి అనుకున్నాను. మజ్జిగ తాగాను. బిళ్ల తొడసందులోకి దిగింది. అక్కణ్నించి ఎక్కడెక్కడికి పోవాలో అక్కడికల్లా పోయింది.

దురద అంటే అందరికీ తెలిసిందే అనుకుంటారు. దోమ కుట్టినప్పటి దురద దురద కాదు. ఇది మనిషిని ఆక్రమించుకుంటుంది. ఎదుటివాడు మాట్లాడుతుంటే వినపడదు. దేవుడి ముందు మంత్రం మధ్యలో తెగిపోతుంది. గోకితే ఒక్క క్షణం స్వర్గం, ఆ వెంటనే కారం చల్లినట్టు మంట, మళ్లీ గోకమని పిలుపు. తాగుబోతులను చూసి నవ్వేవాణ్ని. ఆ వైశాఖంలో వాళ్లు నాకు బాగా అర్థమయ్యారు.

ఆ నెలలోనే ఆదోని నుంచి గుడ్డల మూటలు అమ్మే దలాలి వచ్చాడు. మా బజారులో టోకు బేరం నోటితో జరగదు. ఇద్దరి చేతులూ ఒక తుండుగుడ్డ కిందికి పోతాయి. పట్టిన వేళ్లే ధర. మొహం మారకూడదు, నోరు పెగలకూడదు. చెయ్యి వెనక్కి లాక్కుంటే చివర పట్టిన ధరకు ఒప్పుకున్నట్టు. ఈ విద్యలో నాకు కాస్త పేరు ఉండేది. నా మొహం చూసి ఎవడూ ఏమీ కనుక్కోలేడని మా నాయన మెచ్చుకునేవాడు. ఆ రోజు దలాలి తన ధర పట్టాడు. అది వినదగ్గ ధర కాదు. నేను దాన్ని విరగగొట్టి తక్కువ పట్టబోతున్నాను. అంతలో తాడు కింద నిప్పు రాజుకుంది. నా చెయ్యి నన్ను అడగకుండా తుండుగుడ్డలోంచి బయటికి వచ్చి పోవలసిన చోటికి పోయింది.

"ఖాయమైపాయ సెట్టీ," అన్నాడు దలాలి.

"ఖాయం కాలేదప్పా. చెయ్యి తిమ్మిరెక్కింది."

"తిమ్మిరెక్కిన చెయ్యి పంచ లోపలికి ఏమిటికి పోతాది?"

అంగట్లో కూర్చున్నవాళ్లంతా నవ్వారు. మూటలు ఆ ధరకే దిగాయి. దీపాలు పెట్టే వేళకు సంగతి బజారంతా తెలిసింది. మర్నాడు రంగయ్య బావ పనిగట్టుకుని వచ్చి నా పరుపు మీద కూర్చున్నాడు. మామూలుగా ఆనుకుని కూర్చునేవాడు, ఆ రోజు కాస్త ఎడంగా.

"ఏం బామ్మర్దీ, యాడ తగిలించుకుంటివి? బళ్లారిలోనా, ఆదోనిలోనా?"

"ఈ ఏడు ఊరు దాటల్యా బావా. నదికి పోతాండా, అంగడికి వస్తాండా. నన్ను చిన్నప్పటి నుంచి చూస్తాండావు. నమ్మకం లేదా నా మీద?"

"నీ మీద శానా నమ్మకం ఉండాది. నీ గోకుడు మీదే ల్యాదు." లేస్తూ గొంతు తగ్గించాడు. "కడుపుతో ఉండే పెండ్లాం ఇంట్లో ఉండాది. ఏదో ఒకటి చూసుకోప్పా, పరువు పోకముందే."

నాగమ్మకు అది తొలి కానుపు. ఆమెకు తల్లి లేదు కనుక కానుపు మా ఇంట్లోనే. బావ మాటకు నాకు కోపం వచ్చింది గానీ, నిజం చెప్పాలంటే కోపం కంటే భయం ఎక్కువ వచ్చింది. బావే ఇలా అనుకుంటే నాగమ్మ ఏమనుకుంటున్నదో. ఆమెను అడగలేదు. అడిగితే చెప్పవలసి వస్తుందని అడగలేదు. ఇంట్లో మాత్రం పొడి దగ్గు దగ్గి, పక్క గదిలోకి పోయి గోక్కునేవాణ్ని.

జ్యేష్ఠంలో బాకీల పని మీద నందికొట్కూరు సంతకు పోయాను. అక్కడ మందుల పెట్టె ముందర పెట్టుకుని ఒకాయన, గజ్జి, తామర, చిడుము దేనికైనా ఒకటే పూత అని అరుస్తున్నాడు. జనం పలచబడేదాకా ఆగి దగ్గరికి పోయాను.

"తామరకు మందుందా?"

"యాడ సెట్టీ తామర?"

"మోచేతికి," అన్నాను.

ఆయన నా మోచేతులు రెండూ చూశాడు. నున్నగా ఉన్నాయి. మనిషి లోకం తిరిగినవాడు. "మోచేయి అయితే ఘాటుది ఇస్తా. మెత్తని చోటయితే మెత్తంది ఇస్తా. ఇప్పుడే చెప్పు, మల్ల నన్నంటే నేను పడను."

"మోచేయేనప్పా. మోచేయని చెప్తాంటే."

"అట్లనే కానీ," అని ఘాటుది పొట్లం కట్టాడు.

నేను ఆ పొట్లాన్ని ఆయన చెప్పిన దాంట్లో సగానికి బేరమాడి తెచ్చుకున్నాను. గెలిచానని సంతోషంగా బండెక్కాను. ఇంటికి వచ్చి నూనెలో కలిపి పూసుకున్నాక, ఆ మధ్యాహ్నం పెరట్లో నేను వేసిన చిందులకు పక్కింటి దూడ గుంజ పీక్కుని పరుగెత్తింది. మోచేయని ఎందుకు చెప్పానా అని ఇల్లంతా వినపడేటట్టు నన్ను నేనే తిట్టుకున్నాను. చర్మం ఊడి వచ్చింది. వారం పాటు కాళ్లు ఎడంగా పెట్టి బాతులాగా నడిచాను. తర్వాత ఒకరు చెప్పారు, ఆయన దగ్గర ఘాటుదీ మెత్తదీ ఒకే డబ్బాలోవేనట. ఆ మాట వినగానే కొంచెం హాయిగా ఉండింది, తప్పు నా సిగ్గుది కాదు కదా అని. కానీ నిజం మార్చలేం. ఎవడో ముక్కూమొహం తెలియని వాడికి తొడ అన్న ఒక్క మాట చెప్పలేక నా తోలు నేనే వలుచుకున్నాను. ఒక్క మాటకు అంత ఖరీదు పెట్టిన బేరగాడు మా బజారులో ఇంకొకడు లేడు.

ఆషాఢంలో డాక్టరు దగ్గరికి పోయాను. మద్రాసులో చదివి వచ్చి మా ఊళ్లో కొత్తగా వైద్యశాల పెట్టినాయన. ముందు గదిలో రెండు బల్లలు. ఒకదాని మీద కడుపునొప్పివాళ్లు, దగ్గువాళ్లు కూర్చున్నారు. రెండోది ఖాళీ. మగవాళ్లం కొందరం గోడకు ఆనుకుని నిలబడ్డాం. ఎవరమూ ఒకరినొకరం చూసుకోవడం లేదు. అందరం పైకప్పు దూలాలు లెక్క పెడుతున్నాం. నా పక్కన నిలబడిన మనిషి బనగానపల్లె నుంచి మామిడికాయల బండి తోలుకొచ్చిన ఖాసీం సాబు. ఆయనే ముందు నోరు విప్పాడు.

"కాళ్లు దగ్గరికి పెట్టుకోని నిలబడొద్దు సెట్టీ. ఎడం చెయ్యి. గాలి ఆడనీ."

నేను విననట్టు నటించాను.

"సిగ్గేమిటికి? గోడకానుకున్నోళ్లమంతా ఈడ ఒకటే కులం," అని ఆయన తన విసనకర్రతో నా పంచ కింది అంచు దగ్గర నెమ్మదిగా విసరసాగాడు. గదిలో ఒకరిద్దరు నవ్వారు. ఈసారి ఆ నవ్వు కుట్టలేదు. ఉగాది నుంచి నా ఒంటికి చేసిన మొదటి ఉపకారం అది. చేసినవాడు నాకు ఏమీ కాడు.

డాక్టరు చూశాడు. ఇది సుఖరోగం కాదు, తామర, తడికీ చెమటకూ పెరిగేది అన్నాడు. ఆ మాట ఒక కాగితం మీద రాయించుకుని బావ నుదుటికి అతికించాలనిపించింది. తెల్లటి మలాము ఇచ్చాడు. పూట పూటకూ పొడిగా తుడుచుకుని పూయాలి, తడి గోచి కట్టకూడదు, గుడ్డలు మరిగే నీళ్లలో ఉడకబెట్టి ఎండలో ఆరేయాలి, దురద పోయినా తాను ఆపమనేదాకా మందు ఆపకూడదు అన్నాడు.

మందు పని చేసింది. చల్లటి మంటలాంటిది ఒకటి, ఆ తర్వాత ఒళ్లు నాదే అన్న సుఖం. కొద్ది రోజులకే దురద పోయింది. దురద పోయాక మందు పూయడమంటే బాకీ తీరినవాడికి మళ్లీ దుడ్లు ఇచ్చినట్టే కదా. మిగిలిన మలామును మూత బిగించి అటక మీద దాచాను, ఇంకోసారికి పనికొస్తుందని. గోచి ఉడకబెట్టే మాట అమ్మ పడనివ్వలేదు. అన్నం వండే పొయ్యి మీద గోచి ఉడకడమేమిటన్నది. నేనూ గట్టిగా అడగలేదు. శ్రావణం వచ్చేసరికి వానముసురు, ఆరని గుడ్డలు, దురద మళ్లీ మొదటి నుంచి. ఈసారి నడుము చుట్టూ, సరిగ్గా తాడు ఎంత మేర ఉందో అంత మేర, ఎర్రటి వడ్డాణం పెట్టినట్టు.

రెండోసారి చూసినప్పుడు డాక్టరు తిట్టాడు. తిట్టనీ. తర్వాత రెండు మాటలు అన్నాడు.

"ఆ తాడు తీసెయ్యి. దాని కిందే ఇది కాపురం పెట్టింది. చర్మం మానేదాకా కొత్తది కూడా కట్టొద్దు."

నేను తల ఊపాను, కాదన్నట్టో అవునన్నట్టో నాకే తెలియదు.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"ఎవరికీ లేదండీ," అన్నాను. వెంటనే అన్నాను. అంగట్లో తాను మీద చెయ్యి వేసి ఇది పక్కా రంగు అని చెప్పేటప్పుడు ఎంత ధీమాగా చెబుతానో అంత ధీమాగా.

ఇంటికి వచ్చి అన్నానికి కూర్చున్నాను. అమ్మ వడ్డిస్తున్నది. నాగమ్మ నిండు పొట్టతో స్తంభానికి ఆనుకుని చిక్కుళ్లు వలుస్తున్నది.

"డాక్టరు తాడు తీయమన్నాడమ్మా."

"ఏ తాడు?"

"మొలతాడు."

"దానికేముండాది. కొత్తది కట్టి పాతది తీద్దాం."

"కొత్తదీ కూడదంట. మానేదాకా మొల బోసిగా ఉండాలంట."

అమ్మ గంటె గిన్నెలో పెట్టింది. "కడుపుతో ఉండే పిల్లను ఎదురుగా పెట్టుకోని ఏం మాటరా అది. మీ మేనమామ బండి దిగుతాంటే మేకుకు తగులుకోని తాడు తెగె. నెల తిరగల్యా, మీ అత్త పాయ. నా కండ్లతో చూసినా."

"పోనీ చేతికి కట్టుకుంటా. మెడలో వేసుకుంటా. కావాలంటే వెండిది చేయించి..."

"మెడలో తాళి కట్టుకునేది ఆ పిల్ల, మొలకు తాడు కట్టుకునేది నువ్వు. బేరమాడేదానికి ఇది అంగడి కాదు."

డాక్టరు మాట నిజమని నాకు తెలుసు. కానీ అత్త పోయిన రోజు కూడా నాకు గుర్తుంది. నమ్మకం లేనివాడికి కూడా అలాంటి చోట చెయ్యి ముందుకు రాదు. "సరేలే అమ్మా, తీయను," అన్నాను. మజ్జిగ పోయమన్నాను.

"తీయండి," అన్నది నాగమ్మ.

"నువ్వుండు నాగా," అన్నది అమ్మ.

"నాకూ ఉండాది అత్తా."

"ఏముండాది?"

"నవ. ఆయనకుండేదే. జ్యేష్ఠం నుంచి ఉండాది."

నా నోట వచ్చిన మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. "నాకేమిటికి చెప్పల్యా?" అన్నాను.

"మీకు చెప్తే ఏం చేస్తారు? సంతకు పోయి మోచేతికని చెప్పి తెచ్చి ఇస్తారు." ఆమె గొంతు పెంచలేదు. చిక్కుళ్లు వలుస్తూనే చెప్పింది. "పగలు అత్త ముందర గోక్కోలేను. రేయి మీ పక్కన గోక్కోలేను. కట్టెల కొట్టంలోకి పోయి గోడ పట్టుకోని ఏడుస్తాంటి. అందరూ కడుపు బరువు, ఆయాసం అనుకుంటిరి. మీకు బావ ఉండాడు నవ్వేదానికి, డాక్టరు ఉండాడు చూసేదానికి. నేను ఎవరికి చూపిచ్చేది?"

అమ్మ ఏదో అనబోయింది.

"ఆ తాడు తెగితే నేను పోతానంటాండావు అత్తా. తెగకుంటే పోతా. కూర్చోలేను, పండుకోలేను, బిడ్డను ఎట్ల కనేది?"

అంగట్లో గుడ్డ కోసే పెద్ద కత్తెర సాన పట్టించి తెచ్చి ఆ రోజు ఇంట్లోనే పెట్టి ఉంచాను. నాగమ్మ గోడ పట్టుకుని లేచి పోయి దాన్ని తెచ్చింది. నేను ఎంగిలి చేత్తో అలాగే నిలబడ్డాను. తాడు చర్మానికి అంటుకుపోయి ఉంది. ఆమె వేలితో దాన్ని విడదీసి, కత్తెర నోట్లో పెట్టి నొక్కింది. గట్టి తాడు, ఒక్క కోతకు తెగలేదు. రెండోసారి తెగింది. అమ్మ మొహం గోడ వైపు తిప్పుకుంది. నాగమ్మ ఆ తాడును పొయ్యిలో పడేసి, వచ్చి చిక్కుళ్ల ముందర కూర్చుంది.

నాకు ఆ పూట వచ్చిన కోపానికి పేరు లేదు. డాక్టరు నన్ను అడిగాడు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని. నేను సంతలో మందు బేరమాడాను, డాక్టరు గడప రెండుసార్లు తొక్కాను. ఒకే ఇంట్లో, ఒకే తుండుతో ఒళ్లు తుడుచుకుంటూ, ఆమెకు ఉందా అన్న ప్రశ్న ఒక్కసారి కూడా నా బుర్రలోకి రాలేదు.

మర్నాడే ఆమెను మిషన్ వాళ్ల ఆడ ఆసుపత్రికి తీసుకుపోయాను. నర్సమ్మ మరియమ్మ, నందికొట్కూరు వైపు పల్లెలోని క్రైస్తవుల బిడ్డ, లోపల నాగమ్మను చూసి బయటికి వచ్చింది.

"ఈయమ్మ మొగుడు ఎవరప్పా?"

"నేనేనమ్మా."

"గుడ్డల అంగడంట నీది. పెండ్లానికి నాలుగు పొడిగుడ్డలు ల్యావా?"

అక్కడ కూర్చున్న ఆడవాళ్లంతా నన్ను చూశారు. నేను పైకప్పు చూశాను.

"ఆడవాళ్ల లోగుడ్డలు చీరల కింద దాచిపెట్టి చీకట్లో ఆరేస్తాండారు. నీ గోచి, ఆయమ్మ గుడ్డలు ఒకే మూట. ఎండ తగలని గుడ్డ ఆరినట్టు కాదు. ఒకరికి మానితే ఇంకొకరు మళ్లీ అంటిస్తారు. ఇద్దరూ ఒకేసారి పుయ్యాల. నీ మలాము ఆయమ్మకు పుయ్యొద్దు, కడుపుతో ఉండాది, ఇది వేరే మందు." పోతూ పోతూ వెనక్కి తిరిగి, "ఇంత దినాలు ఎట్ల ఓర్చుకునెనో," అన్నది. తిట్టు కంటే అదే తగిలింది.

అప్పటి నుంచి పెరట్లో వేరే పొయ్యి పెట్టాం. గుడ్డలు అక్కడ ఉడికాయి. తెరిపి దొరికినప్పుడల్లా ఎండలో ఆరాయి. నదిలో మునిగాక పొడి గుడ్డతో ఒత్తి తుడుచుకుని, పొడి గోచి వదులుగా కట్టుకుని, పూజ అలాగే చేశాను. దేవుడు ఏమీ అనలేదు. అంగట్లో నడుమ నడుమ లేచి నిలబడ్డాను, చెమట పడితే గుడ్డ మార్చాను. గోళ్లు కత్తిరించుకున్నాను. ఎవరి తుండు వాళ్లకు. దురద పోయాక కూడా డాక్టరు ఆపమనేదాకా మందు పూశాను, ప్రతి పూతా నాకు ప్రాణం పోయినట్టున్నా సరే. భాద్రపదం దాటేసరికి నాకు మానింది. నాగమ్మకు ఇంకొంచెం ఆలస్యంగా మానింది. ఒక పగలు ఆమె స్తంభానికి ఆనుకుని కూర్చున్నచోటే నిద్రపోయింది. గురక పెట్టింది. నేను పని మానుకుని ఆ గురక వింటూ కూర్చున్నాను.

తాడు మాత్రం కట్టలేదు. ఇంకొన్నాళ్లు ఆగమని డాక్టరు అన్నాడు. అమ్మ నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. కొత్త నల్లతాడు ఒకటి కొని, పసుపు అద్ది, దేవుడి గూట్లో పెట్టుకుంది.

కార్తీకంలో ఒక తెల్లవారి నాగమ్మకు నొప్పులు మొదలయ్యాయి. మరియమ్మను పిలిపించాం. పొద్దు నడినెత్తికి వచ్చింది, వాలింది, బిడ్డ రాలేదు. మూసిన తలుపు అవతల మొదట అరుపులు వినపడ్డాయి. తర్వాత అవి కూడా తగ్గిపోయాయి. అదే ఎక్కువ భయపెట్టింది. నా చెయ్యి మాటిమాటికీ నడుముకు పోయింది. అక్కడ ఏమీ లేదు. డాక్టరు చెప్పిన శాస్త్రమంతా నాకు తెలుసు. ఆ పూట అది ఒక్క ముక్క కూడా పనికి రాలేదు. ఆమెకు ఏమన్నా అయితే ఊరు ఏమంటుందో తెలుసు, నాలో నేను ఏమనుకుంటానో అంతకంటే బాగా తెలుసు. అమ్మ దేవుడి గూటి దగ్గరికి పోయింది. తాడు తీసుకుని నా ఎదురుగా వచ్చి నిలబడింది. నేను పంచ ముడి మీద చెయ్యి వేశాను. కట్టమని అనబోయాను. నోరు తెరిచాను కూడా.

"వేడినీళ్లు తీసుకోని రామ్మా, శానా కావాల," అని లోపలి నుంచి మరియమ్మ కేక వేసింది.

అమ్మ తాడును మళ్లీ గూట్లో పడేసి నీళ్లకు పరుగెత్తింది. దీపాలు పెట్టకముందే మగబిడ్డ పుట్టాడు. నాగమ్మ బతికింది. రక్తం బాగా పోయింది, చాలా రోజులు పాలిపోయి ఉంది, కానీ బతికింది.

తాడు తెగినా బతికింది కదా అని నేను బజారులో వాదించలేదు. పోయి ఉంటే తాడు వల్లే పోయింది అనేవాళ్లు. బతికింది కాబట్టి ఆమె గట్టిది అన్నారు. ఏ దిక్కు చూసినా తాడుకు నష్టం లేని బేరం అది.

బిడ్డను చూడటానికి వీధిలోని ఆడవాళ్లు వచ్చారు. వచ్చినవాళ్లు బిడ్డను చూసి, బెల్లం ముక్క తిని, పోయేటప్పుడు నాగమ్మ చెవి దగ్గర వంగేవాళ్లు. మొదట పట్టించుకోలేదు. తర్వాత అడిగితే, ఆసుపత్రిలో మరియమ్మ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కుంటున్నారని చెప్పింది నాగమ్మ. వాళ్లలో మా అక్క కూడా ఉంది. రంగయ్య బావ భార్య. నన్ను బళ్లారిలోనా, ఆదోనిలోనా అని అడిగిన బావ భార్య. నేను పళ్లు కొరికి ఊరుకున్నాను.

మార్గశిరంలో ఒక మధ్యాహ్నం అన్నానికి వచ్చి పెరట్లోకి పోయాను. ప్రహరీ గోడ మీద నాగమ్మ గుడ్డలు ఎండలో ఉన్నాయి. వాటి పక్కన తెల్లటి గుడ్డలు కొన్ని ఆరేసి ఉన్నాయి. నా తండ్రి పోయినప్పటి నుంచి మా ఇంట్లో తెల్లగుడ్డ కట్టేది అమ్మ ఒక్కతే. కాకి వాలుతుంది, ఎవరో తాకుతారు, మడి చెడుతుంది అని ఆమె గుడ్డలు ఎప్పుడూ లోపలి గది దండెం మీద, ఎవరి చెయ్యీ అందని ఎత్తున, చీకట్లో ఆరేవి.

నాగమ్మ బిడ్డకు పాలిస్తున్నది. "అవి అమ్మవా?" అని అడిగాను.

"అత్తవే. మొన్న మరియమ్మకు చూపిచ్చినాం."

"ఎప్పటి నుంచి?"

ఆమె బిడ్డను రెండో వైపుకు మార్చుకుంది. "మీ నాయన ఉన్నప్పటి నుంచి," అన్నది.

అమ్మ వంటింటి ముందు చేటలో బియ్యం చెరుగుతున్నది. పోయి ఎదురుగా కూర్చున్నాను. ఎవరి మీద అరవాలో తెలియలేదు. గోచి ఉడకనివ్వనన్న ఈమె మీదనా. మొలకు అదే తాడుతో చితికెక్కిన నాయన మీదనా. ఈమె కడుపున పుట్టి, ఈమె చేతి అన్నం తిని, ఒక్కసారి అడగని నా మీదనా.

"ఇన్నేండ్లు ఏమిటికి చెప్పల్యాదమ్మా?"

"ఎవరికి చెప్పేది నాయనా?" అన్నది. నిజంగా అడిగినట్టే అడిగింది. నేను పేరు చెబుతానేమోనని కాసేపు చూసింది. తర్వాత చేటలో మట్టిబెడ్డ ఒకటి ఏరి పారేస్తూ, "రేయి నిద్ర పట్టెరా," అన్నది. "ముసిలిదాన్నయితి, ఇంక నిద్ర ఉండదు అనుకుంటి ఇంత కాలం."